‘బ్లేడ్ రన్నర్’ కూర్పులు: పాఠనిర్ణయ సమస్య

రిడ్లీ స్కాట్ దర్శకత్వం వహించిన ‘బ్లేడ్ రన్నర్’ 1982లో విడుదలైంది. ముందస్తు ప్రదర్శనల్లో ప్రేక్షకుల స్పందన నిరాశపరచడంతో థియేటర్ ప్రతికి రెండు చేర్పులు జరిగాయి: నాయకుడు డెకార్డ్ గొంతులో సాగే వ్యాఖ్యానం, ప్రేమికులిద్దరూ కొండల మధ్య కారులో సాగిపోయే సుఖాంతం. ఆ కొండల దృశ్యాలు స్టాన్లీ కుబ్రిక్ ‘ది షైనింగ్’ కోసం తీయించగా మిగిలిపోయినవి!

‘దర్శకుని కూర్పు’గా 1992లో వచ్చిన ప్రతి ఈ రెంటినీ తొలగించి, డెకార్డ్ పగటికలలో పరుగెత్తే ఒంటికొమ్ము గుర్రాన్ని చేర్చింది. చివరి ఘట్టంలో గాఫ్ అనే పోలీసు వదిలివెళ్ళిన మడతబొమ్మ కూడా ఆ గుర్రమే. ఈ బొమ్మ 1982 ప్రతిలోనూ ఉంది; అయితే అక్కడ అది గాఫ్ వచ్చి వెళ్ళాడనడానికి గుర్తు మాత్రమే. కల చేరాక, డెకార్డ్ అంతరంగం మరొకరికి ముందే తెలుసన్న సూచనగా మారింది. కృత్రిమ మానవులను వేటాడే అతడే కృత్రిమ మానవుడా అన్న సందేహం ఇక్కడ బలపడుతుంది. కొన్ని క్షణాల దృశ్యం చిత్రార్థాన్నే మార్చివేసింది.

అయినా 1992 ప్రతి పేరును యథాతథంగా స్వీకరించరాదు. అది స్కాట్ సూచనల ఆధారంగా ఇతరులు సిద్ధపరచినది. ఆయనకు పూర్తి అధికారం దక్కింది 2007 నాటి ‘ఫైనల్ కట్’లోనే. తాళపత్ర ప్రతుల పరిష్కర్తలు కర్త తొలిపాఠాన్ని అన్వేషిస్తారు. ఇక్కడ కర్త పాఠమే పాతికేళ్ళ తరువాత స్థిరపడింది. అందువల్ల 1982 నాటి సమీక్షలను 2007 ప్రతితో సరిచూసి తప్పుపట్టడం అన్యాయం. ఆ సమీక్షకులు విన్న వ్యాఖ్యానం ఇందులో లేదు, ఇందులోని కలను వారు చూడలేదు.