టామీ బెంగ పెట్టుకుంది!

నిన్నటిదాకా బుద్ధిగా ఉన్న కుక్క ఉన్నట్టుండి చెప్పులు కొరికేస్తోందా? మీరు గడప దాటగానే వీధంతా వినిపించేలా ఊళపెడుతోందా? పొగరెక్కిందని కర్ర తీయకండి. ఈ మధ్య ఇంట్లో ఏం మారిందో ఒక్కసారి గుర్తుచేసుకోండి.

సిద్దిపేట ఇళ్లల్లో అలాంటి మార్పులకు కొదవేముంది! ఇంజినీరింగ్‌ సీటొచ్చిన అబ్బాయి హైదరాబాద్‌ హాస్టల్‌కి వెళ్లిపోతాడు. రోజూ కోమటి చెరువు కట్టమీద దాన్ని నడిపించే తాతయ్యకి మోకాళ్ల నొప్పులు మొదలవుతాయి. అమ్మ కొత్తగా ఉద్యోగంలో చేరుతుంది. మనకు ఎవరైనా విషయం చెబుతారు. మరి టామీకి ఎవరు చెబుతారు?

గడియారం తప్పితే...

అన్నం గిన్నె చప్పుడు, స్కూటర్‌ హారన్‌, సాయంత్రం షికారు... కుక్కకు ఇవే గడియారం. అవి తారుమారైతే కంగారు పడుతుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్‌ పెట్టాక ఇంటిల్లిపాదీ ఇంట్లోనే ఉన్నారు. అప్పుడు తెచ్చుకున్న కుక్కపిల్లల్లో చాలావాటికి ఒంటరిగా ఉండటమంటే ఏమిటో తెలియకుండా పోయింది. బడులు, ఆఫీసులు తెరిచాక ఇలాంటి కుక్కల బెంగ ప్రపంచమంతా చర్చకొచ్చింది.

‘చూడండి, తప్పు చేశానని ఎలా తల దించుకుందో’ అంటుంటాం. అమెరికా పరిశోధకురాలు అలెగ్జాండ్రా హొరోవిట్జ్‌ 2009లో దీన్ని పరీక్షించారు. తప్పు చేసినా చేయకపోయినా, యజమాని తిట్టినప్పుడే కుక్కలు ఆ ముఖం ఎక్కువగా పెట్టాయి. అంటే అది పశ్చాత్తాపం కాదు, మన కోపానికి జంకు. ఎప్పుడో కొరికిన చెప్పుకి సాయంత్రం కొడితే దానికి అర్థమయ్యేది ఒక్కటే... మీరు ఇంటికి రావడమే ప్రమాదమని!

కొంచెం కొంచెంగా...

* తిండి, షికారు వేళలు మళ్లీ ఖాయం చేయండి. తీసుకెళ్లే మనిషి మారినా వేళ మారకూడదు.
* తాళంచెవి తీసి, చెప్పులేసుకుని, ఎక్కడికీ వెళ్లకుండా కూర్చోండి. రోజూ కొన్నిసార్లు ఇలా చేస్తే ఆ చప్పుళ్లంటే భయం తగ్గుతుంది.
* తర్వాత గుమ్మం బయట కొద్ది క్షణాలు నిలబడి వచ్చేయండి. అది నెమ్మదిగా ఉంటేనే నిమిషం, అయిదు నిమిషాలు, పావుగంట... అలా పెంచండి. కంగారు పడితే ఒక మెట్టు కిందికి దిగండి. దీనికి వారాలు పట్టొచ్చు. అప్పటిదాకా ఎక్కువసేపు వదలాల్సి వస్తే పక్కింటివాళ్ల సాయం తీసుకోండి.
* వెళ్లే ముందు, కొరికినా చిరగని గట్టి బోలు రబ్బరు బొమ్మలో కాస్త పెరుగన్నం కూరి ఇవ్వండి. నాకుతూ పనిలో పడుతుంది.
* వెళ్లేటప్పుడు వీడ్కోలు హడావుడి వద్దు. వచ్చాక అది నెమ్మదించాకే దగ్గరికి తీసుకోండి.

ఊరెళ్లే అబ్బాయి ఉంటే ఆఖరి రోజుదాకా ఆగొద్దు. కొన్ని వారాల ముందునుంచే అన్నం పెట్టడం, తిప్పడం మరొకరికి అలవాటు చేయండి.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు?

ప్రతి తేడా బెంగే కాదు. ఇల్లు పాడుచేయని కుక్క అకస్మాత్తుగా మూత్రం పోస్తుంటే మూత్రంలో ఇన్ఫెక్షన్‌, మధుమేహం లాంటివీ కారణం కావచ్చు. తిండి మానేసినా, తనని తాను కొరుక్కుంటున్నా, మీదికి వస్తున్నా పశువైద్యుడికి చూపించండి. మీరు లేనప్పుడు అదేం చేస్తోందో సెల్‌ఫోన్‌లో వీడియో తీసి ఉంచితే ఆయనకి పని తేలికవుతుంది. అవసరమైతే మందులూ ఇస్తారు. ఆ మందులతోపాటు ఈ శిక్షణా సాగాలి.

ఇవేవీ చేయకుండా ‘మాట వినడంలేదు’ అంటూ ఊరవతల దించేసి వచ్చేవారున్నారు. ఆకలిదప్పులతో అలమటించేలా పెంపుడు జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం. చట్టం సంగతి అటుంచితే, ఇంటి కూడు తిని పెరిగిన కుక్కకు వీధిలో బతకడం తెలియదు. మారింది మన రోజు. ఆ కొత్త రోజుకి అలవాటు పడటానికి దానికి నాలుగు వారాల ఓపిక ఇవ్వలేమా?