వెబ్‌సైటు అందరికీ అందాలంటే

పాల ధరల పట్టిక, దాణా ధర, సర్వసభ్య సమావేశపు నోటీసు, బిల్లు బ్యాంకులో జమ అయినదీ లేనిదీ - ఇవన్నీ ఇప్పుడు సభ్యులకు ఫోనులోనే తెలుస్తున్నాయి. చూపు ఉన్నవారికి ఇది సుఖమే. చూపు లేని సభ్యుడు మాత్రం తన పాలకు వెన్న ఎంత వచ్చిందో, బిల్లు ఎంత అయిందో ఇంకొకరిచేత చదివించుకోవాలి. ఆ చదివినవారు చెప్పిందే లెక్క.

నిజానికి చూపు లేనివారూ ఫోను, కంప్యూటరు చక్కగా వాడుతున్నారు. తెరమీది అక్షరాలను పైకి చదివి వినిపించే సాధనాలున్నాయి. వాటిలో ఎన్.వి.డి.ఎ. అనేది ఉచితం, తెలుగు కూడా చదువుతుంది. అయితే మామూలుగా ఇవి చదివేది అక్షరాన్నే గాని బొమ్మను కాదు. ధరల పట్టికను ఫోటో తీసి పెడితే వాటి లెక్కకు అక్కడ ఏమీ లేనట్టే. తెలుగుకు ఇంకో చిక్కున్నది. అచ్చుపనికి వాడే పాత ఫాంట్లలో తెలుగు అక్షరం వెనుక ఉండేది ఇంగ్లీషు అక్షరాల సంకేతం. కంటికి ముత్యాల్లా కనిపించే ఆ సర్క్యులరును యంత్రం అర్థంలేని కూతలుగా చదువుతుంది. యూనికోడ్‌లో టైపు చేస్తే ఈ బాధ లేదు. దీనికి ఖర్చు కూడా ఏమీ లేదు, టైపు చేసేవారి అలవాటు మారాలి, అంతే.

ఈ విషయంలో ప్రపంచమంతటా ఆధారంగా తీసుకునే ప్రమాణాలు డబ్ల్యు.సి.ఎ.జి. అనేవి. 1999లో మొదటిసారి వెలువడ్డాయి. అక్షరపు రంగుకూ వెనుక రంగుకూ మధ్య వెలుగు తేడా మామూలు అక్షరాలకు కనీసం 4.5కు 1 ఉండాలి. మౌసు లేకుండా కీబోర్డుతోనే పని జరగాలి. రంగు ఒక్కటే గుర్తు కారాదు. చెల్లించిన బిల్లు పచ్చగా, చెల్లించనిది ఎర్రగా చూపితే ఆ రంగుల తేడా తెలియనివారి గతేమిటి? పక్కన 'చెల్లించాము' అన్న మాట కూడా ఉండాలి. మన దేశంలో ఐ.ఎస్. 17802 అనే ప్రమాణం 2021, 2022 సంవత్సరాలలో రెండు భాగాలుగా వచ్చింది.

ఇక చట్టం సంగతి. వికలాంగుల హక్కుల చట్టం 2016లో చేశారు, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులోకి వచ్చింది. 'మనది ప్రభుత్వ కార్యాలయం కాదు గదా' అని కొందరు కార్యదర్శులు అనుకోవచ్చు. ప్రభుత్వ అధీనంలోనో సహాయంతోనో నడిచే సంస్థ ఈ చట్టం ప్రకారం ప్రభుత్వ సంస్థే. అది కాకపోయినా, ప్రైవేటు సంస్థల నిర్వచనంలో సహకార సంఘం అన్న మాట స్పష్టంగా ఉన్నది. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి 10,000 రూపాయల వరకు, ఆపైన 50,000 నుంచి 5 లక్షల వరకు జరిమానా.

2017 నిబంధనలలో 15వది వెబ్‌సైట్ల ప్రమాణాలను చెబుతుంది. పాటించకపోయినా చెల్లే మార్గదర్శకాలతో సరిపెట్టడం చట్టానికి విరుద్ధమని సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న తీర్పిచ్చి, తప్పనిసరి ప్రమాణాలు చేయమని కేంద్రాన్ని ఆదేశించింది. 2025 ఏప్రిల్ 30న మరో తీర్పు వచ్చింది. యాసిడ్ దాడికి గురై కన్ను ఆర్పలేనివారిని బ్యాంకు వారి ఫోటో పరీక్ష ముందుకు పోనివ్వలేదు. చూపు లేనివారికీ ఇదే ఇబ్బంది. ఇటువంటి సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని కోర్టు చెప్పింది. పాల డబ్బు బ్యాంకు ఖాతాలోనే పడే మనకు ఇది దూరపు సంగతి కాదు.

వెబ్‌సైటు పనిని బయటివారికి అప్పగించే సంఘాలు ఐ.ఎస్. 17802 ప్రకారం చేయాలని ఒప్పందంలోనే రాయించుకోవాలి. పని ముగిశాక చూపు లేని సభ్యుని ఒకరిని కూర్చోబెట్టి, తన బిల్లు తానే వినగలుగుతున్నారో లేదో చూసి, ఆ తర్వాతనే చివరి వాయిదా సొమ్ము చెల్లించండి.