చద్దరు అట్టలతో కోడింగు పాఠం

సోలాపూర్‌లో సాఖర్‌పేట, అశోక్ చౌక్ వైపు తెలుగు పిల్లలకు జకార్డు అట్టలు కొత్తేమీ కాదు. పక్క కార్ఖానాలో చద్దరు మగ్గం మీద తిరుగుతూనే కనిపిస్తాయి. అదే పిల్లలకు కోడింగు చెప్పాలంటే మాత్రం మనం కంప్యూటర్ల కోసం చూస్తాం. ఆరో తరగతి నుంచి ఎనిమిది దాకా కోడింగు ఉండాలని 2020 జాతీయ విద్యా విధానం చెబుతోంది. కంప్యూటర్లు చాలవు, తెలుగులో సామగ్రి తక్కువ అన్న ఉపాధ్యాయుల మాట నిజమే. కానీ మొదటి పాఠాలకు కంప్యూటరే అక్కర్లేదు.

అట్టలో రంధ్రం ఉన్నచోట సూది లోపలికి పోతుంది, పడుగు దారం పైకి లేస్తుంది. లేనిచోట దారం కిందే ఉంటుంది. కంప్యూటరు 1, 0 కూడా ఇంతే. ఒక్కో పేకకు ఒక్కో అట్ట. దండలా కుట్టిన అట్టల్లో చివరిది అయ్యాక మళ్లీ మొదటిది వస్తుంది. కోడింగులో దీన్నే లూప్ అంటారు. ఒక్క రంధ్రం తప్పు పడితే పువ్వు తిరిగి వచ్చిన ప్రతిసారీ అదే చోట చెడుతుంది. ఆ అట్ట ఏదో వెతికి పట్టుకోవడమే డీబగ్గింగు.

ఈ పోలిక మనం కల్పించింది కాదు. జకార్డు అట్టలు చూసే బాబేజి తన గణన యంత్రానికి అట్టలు పెట్టాలనుకున్నాడు. 1843లో ఎడా లవ్‌లేస్ ఆ యంత్రాన్ని జకార్డు మగ్గంతోనే పోల్చింది.

తరగతిలో గ్రాఫు కాగితం చాలు. ఒకరు 8 గళ్ల వరుసను 1, 0లుగా చదవాలి, చూడకుండా మరొకరు గళ్లు నింపాలి. ఇద్దరి పువ్వులూ కలవకపోతే తప్పు ఎక్కడో వాళ్లే వెతుకుతారు. ఇలాంటి ఆటలు న్యూజిలాండ్ కాంటర్‌బరీ విశ్వవిద్యాలయం వారి 'సి.ఎస్. అన్‌ప్లగ్డ్'లో ఉచితంగా ఉన్నాయి. మన దేశంలో ఏ.సి.ఎం. ఇండియా వారి 'సి.ఎస్. పాఠశాల' కూడా కంప్యూటరు లేని పాఠాలు ఇస్తోంది. తెలుగులో దొరకనివి మార్చుకునే పని ఉపాధ్యాయులదే. రెండు మూడు బడులు పంచుకుంటే భారం తగ్గుతుంది.

మగ్గం తప్పాలనే కదా బడికి పంపుతున్నాం, మళ్లీ మగ్గమా అని తల్లిదండ్రులు అడగవచ్చు. అడగాలి కూడా. పిల్లవాణ్ని మగ్గం దగ్గర కూర్చోబెట్టడానికి కాదిది. తండ్రి రోజూ చేసే పనిలో ఎంత లెక్క ఉందో వాడికి తెలియాలి. అట్టలు కొట్టే పెద్దాయనను ఒక పీరియడుకు పిలవండి. తప్పు రంధ్రాన్ని ఎలా పడతారో పిల్లలనే అడగనివ్వండి.

ఎలక్ట్రానిక్ జకార్డు వచ్చిన చోట అట్టలతో పని ఉండదు. పాత దండలు తూకానికి పోకముందే బడికి ఒకటి అడిగి తెచ్చుకోండి.