పారేసే ప్లాస్టిక్‌తో మిగ్-21 పిటాట్ ట్యూబ్: 3డి ప్రింటర్ అక్కర్లేదు!

మా మామయ్య ఎయిర్‌ఫోర్స్‌లో మిగ్-21ల మీద టెక్నీషియన్‌గా చేసి రిటైర్ అయ్యారు. 1963లో మన వాయుసేనలోకి వచ్చిన ఈ ఫైటర్‌కి 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో వీడ్కోలు చెప్పారు. ఆ రోజు ఆయన టీవీ ముందు నుంచి కదల్లేదు. అందుకే ఆయన పుట్టినరోజుకి 1/72 స్కేల్ మిగ్-21 మోడల్ ఇద్దామనుకున్నా.

సరిగ్గా రెండు రోజుల ముందు నా మోచెయ్యి తగిలి, ముక్కు దగ్గరుండే పొడవాటి పిటాట్ ట్యూబ్ విరిగి ఎక్కడో పడిపోయింది. విమానం వేగం తెలుసుకోవడానికి గాలి ఒత్తిడిని పట్టే గొట్టం అది. గదంతా ఊడ్చినా దొరకలేదు. అది లేకపోతే మామయ్య ఒక్క చూపులో పట్టేస్తారు.

అప్పుడే చెత్తబుట్టలో స్ప్రూ కనిపించింది. కిట్‌లో పార్ట్స్ అన్నిటినీ పట్టుకుని ఉండే ప్లాస్టిక్ ఫ్రేమే స్ప్రూ. పార్ట్స్ కట్ చేశాక అందరం పారేస్తాం. కానీ అది కూడా మోడల్ చేసిన పాలీస్టైరీనే. అదే గ్లూతో అతుక్కుంటుంది, అదే పెయింట్ పడుతుంది.

ఎలా చేశానంటే: పది సెంటీమీటర్ల ముక్క కట్ చేసి, రెండు చివర్లూ పట్టుకుని, కొవ్వొత్తి మంటకి కాస్త పైన తిప్పుతూ వేడి చేశా. మంటలో పెడితే అంటుకుని నల్లటి పొగ వస్తుంది, జాగ్రత్త. మధ్యలో మెత్తబడి వంగగానే పక్కకి తీసి, ఒక్క క్షణం ఆగి లాగాలి. మెల్లగా లాగితే కడ్డీ, వేగంగా లాగితే వెంట్రుకంత దారం. గట్టిపడేదాకా వదలకూడదు. కిటికీలు తెరిచి పెట్టుకోండి, ఆ ఆవిరి మంచిది కాదు.

మొదటి మూడూ పాడయ్యాయి. నాలుగోది అర మిల్లీమీటర్ మందంతో వచ్చింది. అసలు విమానం లెక్కలో అది 36 మిల్లీమీటర్లు. ముక్కుకి సన్నటి రంధ్రం చేసి అతికించా.

ఇంకో రెండు ఉపయోగాలు. సన్నటి దారాన్ని యాంటెన్నా వైరుగా అతికించాక వదులుగా ఉంటే, వెలుగుతున్న అగరబత్తిని తగలకుండా దగ్గరికి తీసుకెళ్లండి, బిగుసుకుంటుంది. కడ్డీ చివరని అలాగే వేడి చేస్తే గుండ్రటి తల వస్తుంది. కాక్‌పిట్ లివర్లకి సరిగ్గా సరిపోతుంది.

పుట్టినరోజు నాడు మోడల్ చేతిలోకి తీసుకోగానే మామయ్య చూపు ముక్కు మీదకే వెళ్లింది. గోరుతో మెల్లగా తాకి, "ఎగిరే ముందు దీని కవర్ తీశామో లేదో రెండుసార్లు చూసుకునేవాళ్లం రా" అన్నారు.

అది చెత్తబుట్టలోంచి వచ్చిందని నేనింకా చెప్పలేదు. మీరు మాత్రం ఈసారి స్ప్రూ పారేసే ముందు నాలుగు ముక్కలు దాచుకోండి.