కంప్యూటరు పెట్టెయు మూడవ తీగయు



నేడు నేను ముచ్చటింపబూనిన విషయము పైకి మిక్కిలి చిన్నదిగా తోచును. బల్లమీద నుంచుకొని పనిచేసికొను కంప్యూటరు యొక్క యినుపపెట్టెను తాకినప్పుడు కొన్ని యిండ్లలో చేతికి చీమలు ప్రాకినట్లు జివ్వుమనుచుండును. వ్రేలిని తేలికగా రేకుమీద నడపినచో నున్నని రేకు గరుకుగా తోచును. రబ్బరుచెప్పులు తొడిగికొన్నవానికి తెలియదు. వట్టికాళ్లతో తడినేలపై నిలిచినవానికి చక్కగా తెలియును. "ఆ పెట్టెను ముట్టకున్న సరి" యని పలువురు దానిని త్రోసివేయుదురు. అట్లు త్రోసివేయరాదని చెప్పుటయే నా యుద్దేశ్యము.

నేను వ్యాకరణ తర్కములు చదివి, బడిలో పాఠములు చెప్పి విశ్రమించినవాడను. విద్యుచ్ఛాస్త్రము నా వృత్తి కాదు. అయినను పొగను చూచి నిప్పు నూహింపుమనుట తర్కమున మొదటి పాఠము. ఈ జివ్వుమనుట పొగ వంటిది. దాని వెనుకనున్న నిప్పేదో విచారింతము.

మన యిండ్లకు వచ్చు విద్యుత్తు 230 వోల్టులది. సెకనునకు 50 ఆవృత్తులు గలది. సాకెట్టులో మూడు రంధ్రములు కలవు. ఒకటి ఫేజు, విద్యుత్తును తెచ్చునది. రెండవది న్యూట్రలు, దానిని తిరిగి కొనిపోవునది. మూడవది ఎర్తు, భూమితో కలుపునది. కంప్యూటరులోని పవరు సప్లయి విద్యుత్తును సెకనునకు వేలకొలది పర్యాయములు త్రుంచి, అతికి, తక్కువ వోల్టులకు దించును. అందువలన పుట్టు అలజడి యిరుగుపొరుగు యంత్రములను బాధింపకుండ, ఫేజునుండి పెట్టెకొకటి, న్యూట్రలునుండి పెట్టెకొకటి, రెండు చిన్న కెపాసిటరులను నిర్మాతలు బుద్ధిపూర్వకముగా అమర్తురు. పెట్టెకు చేరిన ఆ స్వల్పవిద్యుత్తు మూడవ తీగ వెంట భూమిలోనికి పోవలెనని వారి యేర్పాటు.

మూడవ తీగ తెగియున్నచో నేమగును? సమానములైన ఆ రెండు కెపాసిటరులు 230 వోల్టులను చెరిసగము పంచుకొనును. పెట్టె సుమారు 115 వోల్టుల మీద నిలుచును. సంఖ్య వినుటకు భయంకరమే గాని ప్రవాహము స్వల్పము. 4.7 నానోఫారడుల కెపాసిటరు గుండా 50 ఆవృత్తుల వద్ద పోవునది మిల్లీ ఆంపియరులో మూడవవంతు మాత్రమే. అర మిల్లీ ఆంపియరు ప్రాంతమున సామాన్యముగా స్పర్శకు తెలియనారంభించును. చర్మము పలుచనైనచోట అంతకు తక్కువయే చాలును. మానిటరు, ప్రింటరు కూడ అదే పలకకు తగిలించియున్నచో వాని పాళ్లును దీనితో కలియును.

కావున ఆ జివ్వుమనుట స్వయముగా ప్రాణము తీయునది కాదు. కాని అది మనకొక వార్త చెప్పుచున్నది: కావలివాడు ద్వారమున లేడు. రేపు లోపలి తీగ పైతొడుగు చినిగి ఫేజు పెట్టెకు తగిలినచో, ఎర్తు బాగున్న యింటిలో ప్రవాహము భూమికి పరుగెత్తి, ఫ్యూజు కాలుటయో, స్విచ్చి పడుటయో జరుగును. ఎర్తు లేని యింటిలో ఏదియు కాలదు, ఏదియు పడదు. 230 వోల్టులు పెట్టెమీద మౌనముగా నిలిచి మనుష్యుని చేతికొరకు వేచియుండును. పది మిల్లీ ఆంపియరుల ప్రాంతమున కండరములు బిగిసి, పట్టిన వస్తువును విడువలేని స్థితి కలుగును. ముప్పదికి మించి క్షణకాలము దాటి ప్రవహించినచో గుండె లయ తప్పు ప్రమాదము కలదు.

మా ఈపురుపాలెము చీరాల చెంతనున్న నేతపనివారి గ్రామము. గుంటమగ్గములో కూర్చున్నవాని కాళ్లు నేలలోనుండును. ఒకప్పుడు నా వద్ద చదువుకొన్న నేతగాని కుమారుడు చీర యంచుల నమూనాలను కంప్యూటరుపై గీయుచుండును. పెట్టె మగ్గము ప్రక్కనే యుండుటచే తండ్రి మోచేయి తగిలినప్పుడెల్ల జివ్వుమనెడిది. పవరు సప్లయి చెడినదని తలచి క్రొత్తది వేయించిరి. జివ్వు పోలేదు. ఏల పోవును? క్రొత్తదానిలోను అవే కెపాసిటరులుండును గదా! తుదకు అనుభవజ్ఞుడైన ఎలక్ట్రీషియను వచ్చి మూడవ తీగ వెంట నడచెను. అది గోడలో చక్కగనే యున్నది. కాని దాని కొనను వెనుకటి వారు ఇనుప నీటిగొట్టమునకు కట్టియుండిరి. తరువాత నేలలోని గొట్టమును తీసి ప్లాస్టికు గొట్టము వేసిరి. ప్లాస్టికు విద్యుత్తును పోనీయదు. ఆ యింటి యెర్తుతీగలన్నియు ఒకదానితో నొకటి కలిసియున్నవి. భూమితో మాత్రము ఏదియు కలియలేదు.

దీనివలన మరియొక యపాయము కలదు. అట్టి యింటిలో నీటిమోటారులో దోషము పుట్టినచో, ఆ విద్యుత్తు ఎర్తుతీగ వెంటనే వచ్చి కంప్యూటరు పెట్టెమీదను, ఇస్త్రీపెట్టెమీదను, ఫ్రిజ్జిమీదను నిలుచును. కాపాడవలసిన తీగయే మృత్యుదూత యగును. ఆ యింట నాటికి మోటారు బాగుండెను. అది వారి యదృష్టము.

ఇక పరీక్షల మాట. చేతి టెస్టరు పెట్టెమీద వెలిగినచో కొందరు "ఫేజు తగిలినది" అని భయపడుదురు. కొందరు "అన్నిట వెలుగును, ఫరవాలేదు" అని నిశ్చింతగా నుందురు. ఇరువురి మాటయు నిలువదు. ఆ టెస్టరులోని నియాను దీపము అత్యల్పప్రవాహమునకే వెలుగును. కెపాసిటరుల విద్యుత్తునకును వెలుగును, ప్రాణాంతకమగు దోషమునకును వెలుగును. సాధ్యమున్నచోటను లేనిచోటను సమముగా కనబడు హేతువును మా శాస్త్రమున సవ్యభిచారమందురు. దానితో నిర్ణయము చేయరాదు. ఎలక్ట్రీషియను పెట్టెకును మంచి యెర్తునకును నడుమ మీటరుంచి ప్రవాహమును కొలువవలెను. ఒక మిల్లీ ఆంపియరు లోపైనచో కెపాసిటరుల పనియే. ఎర్తుగల యిట్టి యంత్రములకు అంతర్జాతీయప్రమాణము 3.5 మిల్లీ ఆంపియరులను హద్దుగా పెట్టినది. అంతకు మించినచో యంత్రమును వాడుట మానవలెను.

ఎర్తునకును ఫేజునకును నడుమ బల్బు వెలిగించి చూచుట మరియొక పరీక్ష. ఎర్తు మంచిదైనచో బల్బు నిండుగా వెలుగును. కాని ఎర్తు తెగియున్న యింటిలో ఇట్లు చేసినచో బల్బు గుండా ఫేజు వచ్చి యింటిలోని లోహపు పెట్టెలన్నింటికిని ప్రాకును. కనుక ప్లగ్గులన్నియు ఊడదీసి తెలిసినవాడు చేయవలసినదే గాని యింటివారు చేయదగినది కాదు.

ఇంటివారు చేయదగినది చూచుట. మొదట స్విచ్చి ఆపి ప్లగ్గు నూడదీయుడు. మూడవ పిన్ను విరిగెనా, కోసిరా చూడుడు. అది తక్కినవానికన్న పొడవుగాను లావుగాను ఉండుటకు కారణము కలదు: లోనికి పోవునప్పుడు భూమితో ముందు కలియవలెను, వెలికి వచ్చునప్పుడు తుదను విడవలెను. నడుమ రెండు పిన్నుల అడాప్టరుగాని, రెండు తీగల ఎక్స్‌టెన్షను పలకగాని యున్నచో తొలగింపుడు. తరువాత సాకెట్టు, మీటరు పలక, ఎర్తుగుంట, వీనిని వరుసగా ఎలక్ట్రీషియనుచే చూపింపుడు.

మా ప్రాంతమున గుంటనుగూర్చి విశేషముగా జాగ్రత్త పడవలెను. మాది సముద్రతీరపు ఇసుకనేల. వేసవిలో పైపొర యెండి విద్యుత్తు పోనీయదు. చెమ్మ తగులునంత లోతునకు గొట్టము దిగవలెను. ఐ.ఎస్. 3043 అను భారతీయప్రమాణము ప్రకారము ఇనుప గొట్టము లోవ్యాసము 38 మిల్లీమీటరులకును, పొడవు రెండున్నర మీటరులకును తక్కువ కారాదు. చుట్టును బొగ్గు, ఉప్పు పొరలు వేసి అప్పుడప్పుడు నీరు పోయుచుండవలెను. ఉప్పుగాలికి బిగింపుమరలు త్రుప్పుపట్టును. ఏటేట వేసవికి ముందు చూచుకొనవలెను.

మూడు కపటచికిత్సలు కలవు. చెప్పులు తొడిగికొని కూర్చుండుట మొదటిది. అది గంటను మ్రోగకుండ గుడ్డ చుట్టుట వంటిది. పెట్టెకు రంగు పూయుటయో కాగితమంటించుటయో రెండవది. ఎర్తు రంధ్రమును న్యూట్రలుతో చిన్న తీగచే కలుపుట మూడవది, అన్నిటికన్న దుష్టమైనది. జివ్వు వెంటనే పోవును. కాని న్యూట్రలు ఎచ్చటనైన తెగిన దినమున 230 వోల్టులు నేరుగా పెట్టెమీదికి వచ్చును.

ఎర్తుతోపాటు 30 మిల్లీ ఆంపియరుల ఆర్.సి.సి.బి. అను స్విచ్చి యుండుట మేలు. పోయిన విద్యుత్తును తిరిగి వచ్చినదానితో సరిచూచి, భేదము కనబడినంతనే అది సరఫరాను త్రుంచును. గుంట కొంత బలహీనమైనను అది కాపాడగలదు. అయినను అది ఎర్తునకు తోడే గాని ఎర్తునకు బదులు గాదు. దానిమీది పరీక్షా మీటను నెలకొకసారి నొక్కి చూడుడు.

పిల్లలు చదువుకొరకు ముట్టు వస్తువిది. "జివ్వుమనుచున్నది తాతయ్యా" అని పిల్లవాడు చెప్పినప్పుడు నవ్వి పంపివేయక, ప్లగ్గు నూడదీసి మూడవ తీగ ఎచ్చట ఆగినదో విచారింపుడని ప్రార్థించుచు విరమించుచున్నాను.