వార్తల్లో పదం: వడ్డీ రాయితీ

తొలిసారి ఇల్లు కొనేవారికి ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0 (2024) ఇస్తున్న ఊతమిది. దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేని, ఏడాది ఆదాయం 9 లక్షలు దాటని కుటుంబం 35 లక్షల లోపు ఇంటికి 25 లక్షల వరకు అప్పు తీసుకుంటే, మొదటి 8 లక్షలపై 4 శాతం రాయితీ దక్కుతుంది. గరిష్ఠంగా 1.80 లక్షలు, ఐదు వార్షిక వాయిదాల్లో రుణ ఖాతాకు జమవుతాయి. అంటే ముందు అప్పు పుట్టాలి. చిక్కంతా అక్కడే. చీరాలలో ఇల్లు కొనాలనుకునే వాడరేవు మత్స్యకార కుటుంబాన్నే చూడండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, మరబోట్లు ఒడ్డునే ఉంటాయి. మిగతా నెలల్లో రాబడి వలలో పడ్డ చేపను బట్టి, ఆ పూట పాటలో పలికిన ధరను బట్టి. జీతం చీటీ అడిగితే ఏం చూపాలి?

బ్యాంకులో ఉన్నది డిపాజిటర్ల సొమ్ము, ఆచితూచి ఇవ్వాలి కదా అంటారు. నిజమే. అందుకే పేద, అల్పాదాయ వర్గాల గృహరుణాలకు పూచీపడే నిధిని కేంద్రం 1,000 కోట్ల నుంచి 3,000 కోట్లకు పెంచింది. ఆ పూచీ ఉన్నప్పుడు పొదుపు సంఘంలో ఆ ఇంటి మహిళ తీర్చిన అప్పుల చరిత్రను ఆధారంగా తీసుకోవడానికి వెనకాడటం సరికాదు. రాయితీలు ఇళ్ల ధరలు పెంచుతాయన్న వాదనా ఉంది. ధరకు 35 లక్షల గీత గీసింది కాబట్టి ఇక్కడ ఆ భయం తక్కువే. పంట రుణాల గడువును కోతను బట్టి పెడుతున్నాం. వేట లేని రెండు నెలలు గృహరుణ కిస్తీ ఆపి, ఆ మొత్తాన్ని మిగతా పది నెలలకు సర్దాలి.