యాభైలో రంగుల పని
పర్సనల్ కలర్ అనలిస్ట్ అంటే మన మొహానికి ఏ రంగు నప్పుతుందో చెప్పే మనిషి. మేకప్ తుడిపించి, పగటి వెలుతురులో కూర్చోబెట్టి, గడ్డం కింద ఒక్కో రంగు గుడ్డ పెట్టి చూస్తారు. చూడాల్సింది గుడ్డని కాదు, మొహాన్ని: కళ్ల కింద నీడ తగ్గిందా, పెరిగిందా అని. 1980లో కరోల్ జాక్సన్ పుస్తకం 'కలర్ మీ బ్యూటిఫుల్'తో అమెరికాలో ఈ పని బాగా పాపులర్ అయింది.

డిగ్రీ అక్కర్లేదు, యాభైలోనూ నేర్చుకోవచ్చు. కానీ ఒక చిక్కుంది. వయసుతో కంటి లెన్స్ పసుపు తిరుగుతుంది. నీలం వెలుతురు లోపలికి తక్కువగా వెళ్తుంది. ఇక్కడేమో కన్నే మన మీటర్! అందుకే కోర్సు ఫీజు కట్టేముందు ఫార్న్స్‌వర్త్-మన్సెల్ 100 హ్యూ టెస్ట్ చేయించుకోవడం మేలు. (పేరులో 100, బిళ్లలు మాత్రం 85. మన సిలబస్ లాగే.) వాటిని రంగుల వరసలో పేర్చాలి. ఎక్కడ తప్పితే అక్కడ కన్ను తడబడుతోందని అర్థం. ఆ రంగుల దగ్గర ఇంకొకరిని కూడా చూడమనొచ్చు.